ఆటలమ్మ ఒకసారి పోసింది, మరి సర్పి ఎందుకు లేచింది?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. చిన్నప్పుడు గంగజాతర రోజుల్లో ఆటలమ్మ పోసింది. ఒకసారి పోస్తే మళ్లీ రాదనేవారు. పోయిన వారం నడుముకు ఎడమపక్క సర్పి లేచింది. రక్తపరీక్షలో ఆటలమ్మ యాంటీబాడీలు బాగానే ఉన్నాయట. మరి ఇదెలా వచ్చింది? పొక్కులు నడుము చుట్టూ తిరిగి కలిస్తే ప్రాణానికే ముప్పని మా వదిన భయపెడుతోంది. నాలుగు నెలల మనవణ్ణి ఎత్తుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా మనవణ్ణి ఎత్తుకోకండమ్మా. వాడికి సర్పి అంటదు గానీ, పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు.

మీ వదినగారి మాట మా క్లినిక్ వరండాలో తరచూ వినేదే. ఒక్కో నరం ఒంట్లో ఒక పక్కకే పోతుంది. అందుకే పొక్కులు మామూలుగా నడిమి గీత దాటవు. ఆ టెన్షన్ వదిలేయండి.

ఆటలమ్మకీ సర్పికీ వైరస్ ఒకటే. ఆటలమ్మ తగ్గినా అది ఒంట్లోంచి పోదు, వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో ఉండిపోతుంది. యాంటీబాడీలు బయట తిరిగే వైరస్‌ను పట్టుకుంటాయి గానీ, కణంలో దూరినదాన్ని ఏమీ చేయలేవు. అది టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల పని. సోకిన కణం తన పైపొర మీదికి వైరస్ ప్రొటీన్ ముక్కలను తెచ్చి పెడుతుంది. టీ కణం వాటిని గుర్తుపట్టి ఆ కణాన్నే చంపేస్తుంది. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని పిల్లలు కూడా ఆటలమ్మ నుంచి సాధారణంగా కోలుకుంటారు. టీ కణాలు లేని పిల్లలకు మాత్రం అదే ప్రాణాంతకం. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వయసు పైబడేకొద్దీ ఈ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాల బలం తగ్గుతుంది, యాంటీబాడీలు మాత్రం అలాగే కనబడతాయి. మీ రిపోర్టు తప్పు కాదు, ఆ పరీక్షే అనవసరం. లోపల దాగిన వైరస్ రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు లేస్తుందని 1965లోనే ఇంగ్లండులో హోప్ సింప్సన్ అనే డాక్టరు చెప్పాడు. పెద్ద ల్యాబు మనిషేం కాదు, నాలాగే జ్వరాలూ దగ్గులూ చూసుకునే డాక్టరు.

యాంటీవైరల్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. ఎర్రమన్ను పూసుకుంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. కంటి దగ్గర లేస్తే మాత్రం అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

50 దాటినవాళ్లకు టీకా ఉంది. రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు. అందులో బతికున్న వైరస్ ఉండదు, ఒక్క ప్రొటీనే ఉంటుంది. నిద్రపోతున్న టీ కణాలను లేపేది అదే. ఖరీదెక్కువే. సర్పి వచ్చినవాళ్లూ వేయించుకోవచ్చు, కాకపోతే ఇది పూర్తిగా తగ్గాక.