ఇంజిన్ ఉష్ణోగ్రతలను అదుపు చేసే పనిలో ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా బృందం పనిచేస్తున్న స్పోర్ట్స్ కారును ట్రాక్‌పై కొంతసేపు వేగంగా నడిపితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 115 డిగ్రీలు దాటుతోంది. తక్కువ ఉష్ణోగ్రతకే తెరుచుకునే థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక దాన్ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) అమర్చినా ప్రయోజనం కనిపించలేదు. ఈ సమస్యపై నాకు ఆసక్తి బాగా పెరిగింది. దీన్నే వృత్తిగా ఎంచుకోవచ్చా? అందుకు ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: నిస్సందేహంగా ఎంచుకోవచ్చు. కార్ల కంపెనీలలోనూ, వాటికి రేడియేటర్లు, పంపులు, ఫ్యాన్లు సరఫరా చేసే సంస్థలలోనూ, రేసింగ్ జట్లలోనూ థర్మల్ ఇంజినీర్లు ఉంటారు. వేడి ఎక్కడ పుడుతోందో, ఏ దారిలో పోతోందో, ఎక్కడ ఆగిపోతోందో కొలిచి చెప్పగలగడమే ఆ ఉద్యోగంలో ప్రధానమైన పని. భాగాలు మార్చడం ఆ తరువాతి సంగతి. మీ థర్మోస్టాట్ అనుభవం నుంచే దీన్ని వివరిస్తాను.

థర్మోస్టాట్ ఇంజిన్ ఏ ఉష్ణోగ్రతకు దిగువన ఉండకూడదో నిర్ణయిస్తుంది కానీ, గరిష్ఠ ఉష్ణోగ్రతపై దానికి అధికారం లేదు. 80 డిగ్రీలకు తెరుచుకునేదైనా, 90 డిగ్రీలకు తెరుచుకునేదైనా, కూలెంట్ 115 డిగ్రీలకు చేరేసరికి పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి, అప్పుడు రేడియేటర్‌లోకి వెళ్లే ప్రవాహంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పరుగు కాస్త తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుంది, అంతే.

ఇక లెక్కలోకి వెళదాం. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధన శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలిన దానిలో పెద్ద భాగం ఎగ్జాస్ట్ ద్వారా, మరో పెద్ద భాగం కూలెంట్ ద్వారా బయటికి పోవాలి. శక్తిమంతమైన ఒక స్పోర్ట్స్ కారులో కూలెంట్ 150 కిలోవాట్ల వేడిని మోయాల్సి వచ్చిందనుకోండి. నీరు, గ్లైకాల్ సగం సగం కలిపిన మిశ్రమం సెకనుకు 3 కిలోల చొప్పున ప్రవహిస్తే, రేడియేటర్‌లో దాని ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీలు తగ్గితే చాలు. గాలి విషయం వేరు. అదే వేడిని తీసుకోవడానికి సెకనుకు 3 కిలోల గాలి, అంటే దాదాపు రెండున్నర ఘనపు మీటర్లు, రేడియేటర్ గుండా వెళ్లి 50 డిగ్రీలు వేడెక్కాలి. ఇంత గాలిని చిన్న ముక్కు గల కారులోకి రప్పించడం కష్టం. అంతకన్నా కష్టం దాన్ని బయటికి పంపించడం. రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి సులువైన ఆ దారినే పట్టి, ఫిన్ల (రేడియేటర్‌లోని పలుచని లోహపు రేకుల) గుండా వెళ్లకుండానే తప్పించుకుంటుంది. వెనుక భాగంలో పీడనం తక్కువగా ఉన్న చోటికి నిర్గమ మార్గం ఇవ్వకపోతే ముందున్న ద్వారాన్ని ఎంత పెద్దది చేసినా ఫలితం అంతంతమాత్రమే. బుగాట్టి వేరాన్‌లో పది రేడియేటర్లు అమర్చవలసి వచ్చిందంటే ఈ వేడి ఏ స్థాయికి చేరగలదో ఊహించవచ్చు.

కాబట్టి మరో భాగం కొనేముందు రేడియేటర్‌కు ఇరువైపులా కూలెంట్, గాలి ఉష్ణోగ్రతలను థర్మోకపుల్స్‌తో (ఉష్ణోగ్రతను కొలిచే తీగ సెన్సర్లతో) కొలవండి. బయటికి వచ్చే గాలి దాదాపు కూలెంట్ అంత వేడిగా ఉంటే గాలి చాలడం లేదని అర్థం. కూలెంట్ ఉష్ణోగ్రత రేడియేటర్‌లో విపరీతంగా పడిపోతుంటే పంపు ప్రవాహాన్ని అనుమానించాలి. కూలెంట్ వ్యవస్థ పీడనాన్ని రేడియేటర్ మూత సరిగా నిలుపుతోందో లేదో కూడా చూడండి, ఎందుకంటే వాతావరణ పీడనానికి పైన ఒక బార్ ఉంటే నీటి మరుగుస్థానమే సుమారు 120 డిగ్రీలకు పెరుగుతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం ఆ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవవద్దు.

సిలిండర్ హెడ్ చల్లబడితే నాకింగ్ (ఇంధన మిశ్రమం అదుపు తప్పి దానంతట అదే మండిపోవడం) ముప్పు తగ్గుతుంది. అయితే ఇంజిన్ అంతటినీ చల్లబరుస్తూ పోవడం నష్టదాయకం. ఆయిల్ తగినంత వేడెక్కకపోతే చిక్కగా ఉండి ఘర్షణను పెంచుతుంది, దానిలో చేరిన నీరు, ఇంధనం ఆవిరై పోవు. ఏ భాగానికి ఎంత చల్లదనం అవసరమో విడివిడిగా ఆలోచించడానికి పోర్షె 959 మంచి ఉదాహరణ: అందులో సిలిండర్లను గాలితోనూ, వేడి ఎక్కువగా కేంద్రీకృతమయ్యే హెడ్లను నీటితోనూ చల్లబరిచారు.

చదువు విషయానికొస్తే థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ అనే మూడు సబ్జెక్టులలో చివరిదానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. అందులోనూ హీట్ ఎక్స్‌ఛేంజర్ల అధ్యాయాన్ని లెక్కలతో సహా పూర్తిగా పట్టు సాధించేదాకా వదలవద్దు. సీఎఫ్‌డీ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే) సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అవసరమే. కానీ రంగుల చిత్రాలతో నిండి, ఒక్క కొలతతోనూ సరిపోల్చి చూడని ప్రాజెక్టుకు నేను పెద్దగా విలువ ఇవ్వను. మీ చేతిలో నిజమైన కారు ఉంది, చాలామందికి దొరకని అవకాశమది. ముందుగా లెక్క వేసి, తరువాత కొలిచి, రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో వివరించే నివేదిక ఒక్కటి ఉన్నా ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మీరు ధైర్యంగా మాట్లాడగలరు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ నైపుణ్యం అక్కరకు రాదేమోనన్న సందేహం పెట్టుకోవద్దు. 100 డిగ్రీల కూలెంట్ నుంచి 40 డిగ్రీల గాలిలోకి వేడి సులువుగానే పోతుంది. 35 డిగ్రీల దగ్గర ఉంచాలనుకున్న బ్యాటరీ వేడి ఆ గాలిలోకి తనంతట తాను పోదు, రిఫ్రిజరేషన్ వలయం సాయం కావాలి. అందుచేత ఐచ్ఛిక సబ్జెక్టు ఎంచుకునే అవకాశం ఉంటే రిఫ్రిజరేషన్ తీసుకోండి. పీజీ నిర్ణయాన్ని ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు. టెస్టింగ్ విభాగంలో చేరాలనుకుంటే డిగ్రీతో మొదలుపెట్టవచ్చు, సిమ్యులేషన్ వైపు మనసు మొగ్గితే థర్మల్ సైన్సెస్‌లో పీజీ చేయడం మేలు. ఆ మొగ్గు ఎటో మీ ట్రాక్ కొలతల పని పూర్తయ్యేనాటికి మీకే స్పష్టమవుతుంది.