‘సర్దుకుపో’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో అత్తమామలతో ఉంటున్నాను. మా వారికి హైదరాబాద్ బదిలీ అయింది. జూన్‌లో పిల్లల్ని తీసుకుని నేనూ వెళ్లాలని, అక్కడ స్కూల్లో టీచర్‌గా చేరాలని అన్నీ ఖాయం చేసుకున్నాం. ఐదు వారాల క్రితం మామగారికి పక్షవాతం వచ్చి ప్రయాణం ఆగిపోయింది. మొదటినుంచీ నాకు అన్నీ అనుకున్నట్టు జరగాలి. ఇప్పుడు పనిమనిషి రాకపోయినా ఏడుపొస్తోంది, పిల్లల మీద అరుస్తున్నాను. మా వారు ‘సర్దుకుపో’ అంటారు. ఆడపడుచు విజయవాడ పటమటలో ఉంటుంది, అప్పుడప్పుడు చూసి వెళ్తుంది. నన్ను నేను ఎలా మార్చుకోవాలి?

జవాబు: గిన్నెలు తోమే మనిషి రానందుకు వచ్చే ఆ ఏడుపు వెనక హైదరాబాద్ ఉందమ్మా. దాన్ని పోగొట్టుకున్న బాధ గురించి ఇంతవరకూ ఎవరూ మిమ్మల్ని అడిగినట్టు లేదు.

మన ఇళ్లలో కోడలితో ‘సర్దుకుపో’ అంటే ‘నీకేం కావాలో ఇక ఎత్తకు’ అనే అర్థం వస్తుంది. అది నేర్చుకోమని నేను చెప్పను. మీ బ్రాడీపేటలో నాలుగో లైను తవ్వేస్తే అడ్డరోడ్డు పట్టుకుని ఐదో లైన్లోంచి వెళ్తారు కదా, వెళ్లాల్సిన ఇల్లు మాత్రం అదే. మీరు అలవాటు చేసుకోవాల్సింది అది.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక నోట్‌బుక్‌లో ఒక పేజీకి నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘హైదరాబాద్ వెళ్తే నాకు దొరికేవి’ అని రాయండి. సొంత జీతం, నా వంటిల్లు, పిల్లల చదువు, సాయంత్రం ఒక గంట ఖాళీ... ఇలా విడివిడిగా. కుడివైపు, వాటిలో ఏది ఎంతవరకు గుంటూరులోనే మూడు నెలల్లో కుదురుతుందో రాయండి. జీతం మొత్తం రాకపోవచ్చు, సాయంత్రం ఇద్దరు ముగ్గురు పిల్లలకు ట్యూషన్ చెప్పొచ్చు. ఇక్కడ చాలామంది ‘మనశ్శాంతి’ అని రాసి ఆగిపోతారు. అంత పెద్ద మాటతో ఏ పనీ మొదలు కాదు. ‘5 నుంచి 6 దాకా నన్నెవరూ పిలవకూడదు’ అని రాస్తే దానికో ఏర్పాటు చేయొచ్చు. కుదరనివి కుడివైపు ఖాళీగానే వదిలేయండి. వాటి కోసం ఏడుపొస్తే ఏడవండి, తప్పులేదు.

మూడు నెలలని ఎందుకన్నానంటే, పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఐదో వారంలోనే ‘ఇక నా బతుకింతే’ అనుకోవడం తొందరపాటు. క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టి, ఆ రోజు డాక్టరు మాట విని మళ్లీ ఆలోచించండి. అప్పటిదాకా హైదరాబాద్ స్కూలుకు ‘రాను’ అని రాసివ్వకండి, చేరే గడువు పెంచగలరేమో అడగండి.

ఇక రోజువారీ గొడవ. ప్రతి పనికీ టైము పెట్టుకునేవాళ్లకు ఒక్క పని అరగంట జారితే సాయంత్రం దాకా అన్నీ జారతాయి, కోపమంతా పిల్లల మీదికొస్తుంది. గడియారం ప్రకారం మూడింటినే ఉంచండి: మామగారి మందులు, ఫిజియోథెరపీ, పిల్లల స్కూలు. మిగతావి ‘ఈ రోజులో ఎప్పుడైనా’ అని రాసుకోండి.

తరచూ తప్పే మూడు విషయాలకు ముందే మాట కట్టుకోండి. ‘ఏడున్నరకు పనిమనిషి రాకపోతే, గిన్నెలు నానబెట్టి, ఇడ్లీ మానేసి ఉప్మా పెడతాను’ అన్నట్టు. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన పరిశోధన వ్యాసంలో ఇలాంటి ‘ఇది జరిగితే అది చేస్తాను’ అనే పద్ధతి గురించే వివరించారు. ఏం చేయాలో అప్పటికప్పుడు ఆలోచించే భారం తగ్గుతుంది. పది రాసుకుంటే గుర్తుండవు, మూడు చాలు. ‘కోపం వస్తే ప్రశాంతంగా ఉంటాను’ అని మాత్రం రాసుకోకండి, అందులో చేతులతో చేసే పని లేదు. ‘గొంతు పెరిగితే, పెరట్లోకి వెళ్లి నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను, పదిసార్లు’ అని రాసుకోండి.

అలాగే వారానికి మూడుసార్లు, ఏ తొందరా లేని రోజున, ఒక చిన్న అలవాటును కావాలనే తప్పించండి. బట్టలు మడతపెట్టకుండా పడుకోండి, కూర ఏం చేయాలో పిల్లల్ని తేల్చమనండి. ముందు ‘ఎంత ఇబ్బందిగా ఉంటుంది’ అని పదికి ఒక అంకె వేయండి, అయ్యాక నిజంగా ఎంత అనిపించిందో పక్కన వేయండి. రెండు వారాల అంకెలు మీరే పోల్చి చూడండి. ఎనిమిది అనుకున్నది నాలుగు దగ్గర ఆగిన రోజులు కొన్నైనా కనిపిస్తాయి.

ఇదంతా మీ ఒక్కరి మీదే పడకూడదు. మీ వారు శనివారం రైలు దిగి వచ్చీరాగానే ఎత్తకండి. ఆదివారం టిఫిన్లయ్యాక, అత్తయ్యగారు కూడా ఉండగా, లెక్కతో అడగండి: ‘ఆదివారం మొత్తం మామయ్య పనులు మీవి. వారంలో ఒకరోజు వదిన పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్లాలి. పగటిపూట సహాయకుడికి నెలకు ఎంతవుతుందో ఈ వారం కనుక్కోండి.’ ‘నాకు ఎవరూ సాయం చేయరు’ అంటే గొడవవుతుంది. రోజు, మనిషి, పని పేరు పెట్టి అడిగితే అవుననో కాదనో చెప్పక తప్పదు. గంట బస్సు ప్రయాణంలో ఉన్న ఆడపడుచును అడగడం తప్పేమీ కాదు, మామగారు ఆమెకు కన్నతండ్రి.

రెండు వారాలపాటు రోజూ నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.