జంట నక్షత్రాల మీద రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. మొదటి పేజీలోనే గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలో పుట్టే అలలు, వచ్చి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలను 'కుదిపేశాయి'. ఆ మాట కొట్టెయ్యి. గురుత్వ తరంగం పదార్థంలోంచి దాదాపు ఏమీ పట్టనట్టు సాగిపోతుంది. వచ్చే తరంగం పౌనఃపున్యం జంట పరిభ్రమణ పౌనఃపున్యానికి పూర్ణాంక గుణిజమైతే కక్ష్య కాస్త మారవచ్చు. అది చాలా స్వల్పం, ఒక్క వాక్యం చాలు. అసలు కథ జంట తానే పుట్టించే తరంగాలది, అందుకు అది చెల్లించే మూల్యానిది.

1974లో ఖగోళ శాస్త్రజ్ఞులు హల్స్, టేలర్ కనుగొన్న జంటనే పట్టుకో. రెండూ న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలిన అతి సాంద్రమైన గోళాలు. వాటిలో ఒకటి పల్సార్, అంటే తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం. ఒక్క ప్రదక్షిణకు 7.75 గంటలు. ఆ కాలం ఏటా సుమారు 76 మైక్రోసెకన్ల చొప్పున తగ్గుతోంది, కక్ష్య దాదాపు 3.5 మీటర్లు కుంచించుకుపోతోంది. పోయిన శక్తి గురుత్వ తరంగాలుగా వెళ్లిపోయిందన్న ఐన్‌స్టీన్ లెక్కకు ఇది సరిపోయింది. అయితే అక్కడ గురుత్వ తరంగాన్ని నేరుగా పట్టుకున్నవారు లేరు. పల్సార్ పంపే రేడియో స్పందనలు ఎప్పుడెప్పుడు చేరాయో ఏళ్ల తరబడి కొలిచారు, అంతే. ఒక తరంగం కక్ష్యను అరగదీస్తుంటే రెండోది ఆ కబురు మోసుకొచ్చింది. నువ్వు ఈ విషయాన్ని బ్రాకెట్లో పెట్టావు! వ్యాసం ఇక్కడే మొదలవ్వాలి.

రేడియో, కాంతి, గామా కిరణాల వంటి విద్యుదయస్కాంత తరంగాల తీరు వేరు. అవి ఎదురైన పదార్థంతో తలపడతాయి. 1988లో బయటపడిన 'బ్లాక్ విడో' పల్సార్ తన వికిరణంతో, కణాల గాలితో సహచర నక్షత్రాన్ని వేడెక్కించి ఆవిరి చేస్తోంది. ఆ ఆవిరే అడ్డుపడి, దాదాపు 9 గంటల ప్రతి ప్రదక్షిణలోనూ పల్సార్ రేడియో తరంగాలకు కొంతసేపు గ్రహణం పట్టిస్తుంది. నీకు దొరికిన మంచి దృశ్యం ఇదే, దీన్ని తొందరపడి దాటెయ్యకు.

2017 ఆగస్టు 17న గుర్తించిన సంఘటన, అంటే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని కలిసిపోవడం, గురించి మాత్రం జాగ్రత్త. గురుత్వ తరంగాల సంకేతం ముగిసిన సుమారు 1.7 సెకన్లకు గామా కిరణాలు చేరాయి కాబట్టి కాంతి వెనకబడిందని రాశావు. రెండూ దాదాపు 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చాయి. గామా కిరణాలు బయలుదేరడమే ఆలస్యమై ఉండవచ్చు కదా? ఇంత దూరం వచ్చి అంత దగ్గరగా చేరాయంటే వేగాలు దాదాపు ఒకటేనని రాయి.

మూడో పటం తీసేసి, సరిచేసిన ప్రతి పంపు.