రంగు సంగతి తర్వాత, ముందు నీళ్ల దారి చూడు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు 1967 ఫోర్డ్ మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ కారు కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఫోటోలు చూశాను, చాలా సంతోషం. మిషిగన్‌లో ప్రతి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్న బండి, తుప్పు ఉండటంలో వింత లేదు. ఏ రంగు బాగుంటుందని అడిగావు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు లోపలికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టు. ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్నప్పుడూ, తర్వాత డెట్రాయిట్ చుట్టుపక్కల బాడీ షాపుల్లో పనిచేసినప్పుడూ నేను చూసింది ఒకటే: ఆ దారి మూయకుండా వేసిన కొత్త రేకు ఎక్కువ కాలం ఉండదు.

మస్టాంగ్‌లో ఆ దారి చాలా వరకు కౌల్ దగ్గరే ఉంటుంది. ముందు అద్దానికీ హుడ్‌కీ (బానెట్‌కీ) మధ్య, గాలి వెళ్లే చీలికలు ఉన్న భాగం అది. అక్కడ రెండు రేకులు ఒకదాని మీద ఒకటి స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటాయి. మధ్య ఖాళీలో పడిన వాన నీరు పక్కల నుంచి, ఫెండర్ల (ముందు చక్రాల పక్కనుండే రేకుల) వెనకగా కిందికి పోవాలి. ఎండుటాకులు చేరి దారి మూసుకుపోతే తేమ అక్కడే నిలిచి, లోపలికి గాలి వచ్చే గొట్టాల మొదళ్లు తుప్పు పడతాయి. ఇక నీళ్లు నేరుగా కాళ్ల దగ్గర పడతాయి. నీ ఫోటోలో ఫ్లోర్‌కి పడిన చిల్లుల అసలు కారణం అదేనని నా అనుమానం.

కార్పెట్ తీసేసి, ఒకరిని టార్చితో లోపల కూర్చోబెట్టి, కౌల్‌లో ఒక్కో పక్క విడిగా నీళ్లు పొయ్యి. చుక్క పడిందంటే పై రేకు విప్పక తప్పదు. హుడ్, ఫెండర్లు, అద్దం అన్నీ తీసి, స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటిగా డ్రిల్ చేయాలి. విసుగు పుట్టించే పని, నిజమే. పైనుంచి సీలెంట్ పూస్తే చాలని చెప్పేవాళ్లు ఉంటారు, వినకు. చిల్లు సీలెంట్ కింద పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు. లారీలాగా కింద ఫ్రేమ్, పైన బాడీ అనుకోకు. ఫ్లోర్, రాకర్లు (తలుపుల కింది అంచు భాగాలు), రెయిళ్లు (కింద పొడవునా ఉండే దూలాలు) అన్నీ కలిసి బరువు మోస్తాయి. తుప్పు పట్టిన ఫ్లోర్ ఒక్కసారిగా కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత తలుపులు సరిగ్గా మూసుకోవు. అందుకే కోసే ముందు డోర్ ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా చదరపు స్టీల్ గొట్టాలు వెల్డ్ చేసి బిగించు. కొలతలు రాసిపెట్టుకో. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క మొదలుపెట్టు. వెనక క్వార్టర్ ప్యానెల్ (తలుపు వెనక, వెనక చక్రం చుట్టూ ఉండే రేకు) మార్చేటప్పుడు తలుపు బిగించే ఉంచి గ్యాప్ చూసుకో. ఈ బండికి దాదాపు ప్రతి ప్యానెల్ కొత్తగా తయారై దొరుకుతుంది. అయినా ఏదీ మొదటిసారే సరిగ్గా కూర్చోదు. క్లాంపులతో పట్టించి చూశాకే వెల్డ్ చెయ్యి.

తుప్పు పట్టిన చోట మెరిసే గట్టి రేకు వచ్చేదాకా కోయాలి. బయటి రేకులకు 0.6 మిల్లీమీటర్ల వైరుతో మిగ్ వెల్డింగ్ (వైరు దానంతటదే వస్తూ, గ్యాస్ కాపుతో చేసే వెల్డింగ్) వాడు. వరుసగా లాగకు, రేకు అలలు తేలిపోతుంది. ఇక్కడొక చుక్క, దూరంగా ఇంకో చుక్క పెట్టి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టు. పుట్టీ పల్చగానే వాడు, రెండు మూడు మిల్లీమీటర్లు దాటొద్దు. తుప్పు మీద పుట్టీ పెడితే ఒకటి రెండు చలికాలాల్లో ఊడి వస్తుంది. శుభ్రం చేసిన రేకు మీద ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు రాకుండా వేసే మొదటి పూత) వెయ్యి. కంటికి కనిపించని, పెట్టెలా మూసుకున్న భాగాల్లో చివర్లో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు రాకుండా లోపల చల్లే మైనం) కొట్టించు. డబ్బు తక్కువైతే రంగులో తగ్గించుకో కానీ ఇందులో వద్దు. శాండ్ బ్లాస్టింగ్ రెయిళ్లకు పరవాలేదు, హుడ్, రూఫ్ లాంటి పెద్ద పల్చటి రేకులు మాత్రం వంకర తిరుగుతాయి.

వెనక వెల్డింగ్ మొదలుపెట్టే ముందు పెట్రోల్ ట్యాంకు తీసెయ్యి. ఈ మోడల్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, నిప్పురవ్వ నేరుగా దాని మీదే పడుతుంది. బ్యాటరీ కూడా తీసి పక్కన పెట్టు. ఆ కాలం బండ్లలో కొన్ని అతుకులను ఫ్యాక్టరీలోనే సీసంతో నింపేవారు, పాత రంగులోనూ సీసం ఉంటుంది. మంచి మాస్కు లేకుండా గ్రైండర్ పట్టుకోకు, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకు.

డ్రైవర్ పక్క ముందు అప్రాన్ (ఇంజిన్ పక్కనుండే లోపలి రేకు) మీద వీఐఎన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, చెక్కి ఉంటుంది. ఆ రేకు పాడైనా నంబర్ ఉన్న ముక్కను కోసి పారేయకు, దాన్ని మార్చడం అక్కడ నేరం. ఆ చోట పని పడితే ముందు మీ రాష్ట్ర రూల్స్ కనుక్కో. అప్రాన్ ఫోటోలు దగ్గరగా తీసి పంపు. గ్రైండర్ పెట్టే ముందు వీడియో కాల్ చేస్తే, ఎక్కడిదాకా కోయాలో ఇద్దరం కలిసి గీత గీద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య