ఎవరితో పోల్చి చూశావమ్మా?

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. బాగుంది. ఆ మున్సిపల్ స్కూల్లో సాయంత్రం క్లాసు జరుగుతుంటే కరెంటు పోయి, టీచరమ్మ ఫోన్ లైటు బోర్డు మీదకి పట్టుకుంటే పిల్లలు గుణకారాలు చేసుకున్న పేరా ఉంది చూడు, అది చదువుతుంటే నేనూ వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉంది. అది ఒకళ్ళు నేర్పితే వచ్చేది కాదు, నీ దగ్గర ఉంది, పోగొట్టుకోకు. కానీ చివరికొచ్చేసరికి ఒక వాక్యం దగ్గర ఆగిపోయా. "ఈ స్పెషల్ క్లాసుల వల్లే పిల్లల మార్కులు పెరిగాయి" అని రాశావు. ఆ "వల్లే" గురించే ఈ ఉత్తరం. గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ముప్పయ్యేళ్ళుగా గవర్నమెంటు స్కీముల మీద రాస్తున్నా, నన్ను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టిన మాట అదే.

నువ్వు రాసిందే తీసుకుందాం. ఎఫ్ఏ-1లో, అంటే ఏడాది మొదట్లో పెట్టే చిన్న పరీక్షలో, అందరికంటే తక్కువ మార్కులొచ్చిన పిల్లల్ని ఏరారు, వాళ్ళకి రెండు నెలలు సాయంత్రం క్లాసులు చెప్పారు, ఆ తర్వాత పెట్టే పెద్ద పరీక్ష ఎస్ఏ-1లో చూస్తే మార్కులు పెరిగాయి. సరే, ఇప్పుడు ఆ క్లాసులు అసలు పెట్టలేదనుకో, ఆ పిల్లల మార్కులు అక్కడే ఆగేవా? ఆగవమ్మా, చాలామందికి ఎంతో కొంత పెరిగేవే. ఎందుకంటావా, ఒక పరీక్షలో బాగా తక్కువ వచ్చినవాళ్ళలో నిజంగా చదువు వెనకబడినవాళ్ళూ ఉంటారు, ఆ రోజు జ్వరంతో వచ్చినవాడూ ఉంటాడు, శ్రావణమాసం పెళ్ళికి వెళ్ళొచ్చి నిద్రలేక పేపరు మీదే తల వాల్చేసిన పిల్లా ఉంటుంది, చదివిన రెండు పాఠాల్లోంచి ఒక్క ప్రశ్న కూడా రాని దురదృష్టవంతుడూ ఉంటాడు. రెండోసారికి జ్వరం ఉండదు, పెళ్ళి ఉండదు, మార్కులు వాటంతట అవే కాస్త పైకొస్తాయి. అదే లెక్కన ఎఫ్ఏ-1లో ఫస్టొచ్చినవాళ్ళని చూడు, ఎస్ఏ-1లో కొంచెం దిగుతారు, అట్లాగని వాళ్ళు చదవడం మానేశారని కాదు కదా. గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1886లో తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తులు పోల్చి చూస్తూ రాసిందీ ఇదే, బాగా పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు కొంచెం జరుగుతారు, బాగా పొట్టివాళ్ళ పిల్లలూ అంతే. స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్, అంటే వెనక్కి మళ్ళడం, అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

అంటే ఆ క్లాసులు దండగ అంటున్నానా, లేదు. పనిచేసి ఉండొచ్చు, బాగానే పనిచేసి ఉండొచ్చు. నీ దగ్గరున్న లెక్కతో అది తేలదు అంటున్నా. తేలాలంటే, అట్లాంటి పిల్లలే ఇంకొంతమంది, ఈ క్లాసులకి వెళ్ళనివాళ్ళు కావాలి. ముందు ఎంత, తర్వాత ఎంత అనేది సగం ప్రశ్నే, ఎవరితో పోల్చి అనేది మిగతా సగం.

ఆ పోల్చేవాళ్ళని ఎట్లా తేవాలి అంటే, అన్నిటికంటే నిఖార్సయిన పద్ధతి మనింట్లో ఆడవాళ్ళు చీటీలు తీసినట్టు తీయడమే. నలభై మంది వెనకబడ్డ పిల్లలున్నారు, టీచరు ఇరవై మందికే చెప్పగలరు అనుకో, నలభై పేర్లూ చీటీల మీద రాసి ఇరవై తీయాలి. "మిగతా ఇరవై మందికి అన్యాయం కదా బాబాయ్" అంటావు, నాకు తెలుసు, నేనూ నీ వయసులో అదే అడిగా. ఎట్లాగూ ఇరవై మందికే సీట్లున్నప్పుడు, కమిటీ మెంబరు చెప్పినవాళ్ళకి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి, ఏ అమ్మ రోజూ వచ్చి అడుగుతుందో ఆ పిల్లకి ఇవ్వడం కంటే చీటీయే న్యాయం, మిగతావాళ్ళకి తర్వాతి టర్ములో ఇవ్వొచ్చు. పైగా రోజూ వచ్చి అడిగే అమ్మ ఉన్న పిల్ల, క్లాసు లేకపోయినా ఇంట్లో నాలుగు అక్షరాలు ఎక్కువే చదువుతుంది, అట్లాంటి పిల్లలే క్లాసులో ఉంటే గెలుపు క్లాసుదా అమ్మదా చెప్పలేం. చీటీ ఎవరి అమ్మ ఎట్లాంటిదో చూడదు.

చీటీ విలువ నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు, తెనాలి అవతల ఒక వరి చేలో అర్థమయింది. పంటకోత ప్రయోగం అంటారు, ఎకరానికి ఎంత పండిందో గవర్నమెంటు అంచనా కట్టేది దాంతోనే. ఊళ్ళో ఏ సర్వే నంబరు పొలం అనేది కూడా రాండమ్ నంబర్ల టేబుల్, అంటే ఒక వరసంటూ లేని అంకెల పట్టిక, చూసే తీస్తారు. మండలం నుంచి వచ్చినాయన పొలం నైరుతి మూల నిలబడి, ఇటు పొడవు, అటు వెడల్పు అడుగులేసి కొలిచి, టేబుల్లోంచి రెండు అంకెలు తీసుకుని, ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు అని నడిచి ఒక మేకు దించాడు. అది పడ్డదెక్కడ, కాలవ నీళ్ళు సరిగ్గా ఎక్కని చోట, పైరు పల్చగా, సగం తాలు. రైతు గబగబా వచ్చి "అయ్యా అక్కడొద్దు, ఈ పక్కన చూడండి ఎంత బాగుందో, నా చేను పరువు తీస్తారా" అన్నాడు. ఆయన కోప్పడలేదు, "పెద్దాయనా, నేనొచ్చి బాగున్నచోట కోస్తే బాగున్నచోటి లెక్క వస్తుంది, నీ చేను లెక్క రాదు" అన్నాడు. అయిదు మీటర్లకి అయిదు మీటర్లు తాడు కట్టి, అక్కడే కోయించి, నూర్చి, తూకం వేయించి రాసుకున్నాడు. ఆ రోజు నేను కూడా మనసులో రైతు పక్షమే, బాగున్నచోట కోస్తే పోయేదేముంది అనుకున్నా, ఇంటికొచ్చే దారిలో బస్సులో కూర్చుంటే తట్టింది, నేను అప్పటిదాకా రాసిన స్కీముల వ్యాసాల్లో సగం, ఎవరో నన్ను పిలుచుకెళ్ళి చూపించిన బాగున్న మడులే.

ఇంకో తప్పు కూడా చెప్తా, నాదే. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చనిపోయేవాళ్ళ లెక్క, చుట్టుపక్కల ప్రైవేటు నర్సింగ్ హోముల లెక్క పక్కపక్కన పెట్టి, ఇక్కడే ఎక్కువమంది పోతున్నారు చూడండి అని పెద్ద వ్యాసం రాశా. అచ్చయిన నాలుగు రోజులకి అక్కడ పనిచేసే ఒక సిస్టరు ఫోన్ చేసి, "ఇక లాభం లేదు అని మీరు రాసిన నర్సింగ్ హోముల వాళ్ళే రాత్రి రెండింటికి అంబులెన్సులో మా దగ్గరకి పంపిస్తారండీ, ఆ మనిషి మా గేటు లోపల పోతే మా లెక్క, మీరు అది రాయలేదు" అంది. నాకు నోట మాట రాలేదు. ఎవరు ఎక్కడికి ఎందుకు వస్తున్నారో అడగకుండా రెండు అంకెలు పక్కన పెట్టినందుకు, నిద్రలేకుండా పనిచేసేవాళ్ళ మీద నింద వేశాను. సవరణ వేయించాను కానీ సవరణ ఎంతమంది చదువుతారు చెప్పు. అందుకే నీ విషయంలో ఇంత పట్టుబడుతున్నా.

చీటీ పద్ధతి స్కూలు క్లాసులకే అనుకునేవు, మన రాష్ట్రంలోనే చాలా పెద్ద ఎత్తున జరిగింది, మనవాళ్ళకే సరిగ్గా తెలీదు. ఉపాధి హామీ కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డు మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 2010 నుంచి 2012 మధ్య, ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్ని లాటరీ తీసి, కొన్నిటికి ముందు, కొన్నిటికి తర్వాత ఇచ్చారు. దాదాపు కోటీ తొంభై లక్షల మంది ఉన్న ప్రాంతం అది. మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అని ముగ్గురు ఆర్థికవేత్తలు రెండు రకాల మండలాల్నీ పోల్చి 2016లో పరిశోధన పేపరు వేశారు. కూలి డబ్బులు తొందరగా అందాయి, తీసుకోడానికి పట్టే టైము ఒక్కోసారికి 22 నిమిషాలు తగ్గింది, దారిలో కారిపోయే డబ్బు బాగా తగ్గింది. ఇక్కడ నువ్వు చూడాల్సింది ఇంకోటుంది, ముందు ఇచ్చిన మండలాల్లో కూడా రెండేళ్ళకి చెల్లింపుల్లో సగమే కార్డు మీదకి మారాయి, అయినా ఆ ముగ్గురూ కార్డు సరిగ్గా నడిచిన ఊళ్ళని మాత్రమే ఏరుకోలేదు, లాటరీలో వచ్చిన మండలం మొత్తాన్నీ లెక్కలోకి తీసుకున్నారు, నడిచినా నడవకపోయినా. ఎందుకంటే బాగా నడిచిన ఊళ్ళంటే మళ్ళీ ఆ బాగున్న మడే కదా. గవర్నమెంటు చేతుల్లో ఈ స్కీము పెడితే నిజంగా ఏం జరుగుతుంది అనే ప్రశ్నకి జవాబు అట్లాగే వస్తుంది.

ఆ పేపర్లోంచే ఒక మాట, నువ్వు తప్పకుండా తడబడే చోటు కాబట్టి చెప్తున్నా. డబ్బు కారిపోవడం 12.7 పర్సంటేజ్ పాయింట్లు తగ్గింది, అదే 41 శాతం తగ్గింది అని కూడా అంటారు, రెండూ నిజమే, రూపాయికి సుమారు 31 పైసలు పోయేచోట 18 పైసలు పోతున్నాయి అని అర్థం. నువ్వు ఇట్లా పైసల్లో రాయి, ఎవరికైనా ఎక్కుతుంది. ఇంకోటి, ఆ ఎనిమిది జిల్లాల్లో ఖమ్మం, నెల్లూరు ఉన్నాయి, కర్నూలు, అనంతపురం ఉన్నాయి, మన కృష్ణా, గుంటూరు లేవు. కాబట్టి డెల్టాలో కూడా అంతే జరిగేది అని రాసేముందు రెండుసార్లు ఆలోచించు.

టీచర్ల బోనస్ మీద చేసిన ప్రయోగం నీ వ్యాసానికి ఇంకా దగ్గర. అది కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే, పల్లెల్లో గవర్నమెంటు స్కూళ్ళని లాటరీ తీసి, కొన్నిటిలో పిల్లలు లెక్కల్లో, భాషలో మెరుగుపడితే టీచర్లకి బోనస్ ఇచ్చారు, సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్ళకి బోనస్ ఉన్న స్కూళ్ళ పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు, మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. ఈ అంకె ఇట్లాగే వ్యాసంలో పెడితే చదివేవాళ్ళు పేజీ తిప్పేస్తారు. వంద మంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడు లెక్కల్లో ఓ పదిమందిని దాటి ముందుకెళ్ళాడు, అట్లా చెప్పు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా ఆ పిల్లలే మెరుగ్గా చేశారు, నన్ను అడిగితే మొత్తం పేపర్లో విలువైన సంగతి అది, ఎందుకంటే టీచర్లు బోనస్ కోసం ఆ రెండు సబ్జెక్టులే రుద్దేస్తారేమో అని అందరికీ భయం ఉండేది.

చీటీ తీయడం కుదరనప్పుడు వేరే దారులున్నాయి. నీ స్కూల్లో 35 మార్కుల లోపు వాళ్ళకే క్లాసు అన్నారు కదా, 34 వచ్చిన పిల్లకీ 36 వచ్చిన పిల్లకీ నిజానికి తేడా ఏముంది, ఆ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళ ఎస్ఏ-1 మార్కులు పోల్చొచ్చు. కానీ ఆన్సరు షీట్లు తీసి ఒకసారి చూడు, జాలిపడి 33ని 35 చేసిన టీచరు ఉంటే సరిగ్గా 35 దగ్గర పిల్లలు గుంపుగా కనిపిస్తారు, అప్పుడా పోలిక పనికిరాదు.

స్కీము ఎట్లా ఉండాలి అనేది కూడా రాస్తానన్నావు కదా, దానికి ఉదయపూర్ పప్పు కథ ఒక్కటి చెప్పి ఊరుకుంటా. రాజస్థాన్‌లో ఆ జిల్లాలో కొన్ని పల్లెల్లో పిల్లల టీకాల కోసం నెలనెలా క్యాంపు పెట్టారు, ఇంకొన్ని పల్లెల్లో క్యాంపుతోపాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే స్టీలు కంచాలు ఇచ్చారు. ఏమీ చేయని ఊళ్ళలో టీకాలన్నీ వేయించుకున్న పిల్లలు 6 శాతం, క్యాంపు ఊళ్ళలో 18, పప్పు ఇచ్చిన ఊళ్ళలో 39. పప్పు ఇస్తే ఖర్చు పెరుగుతుంది అనుకుంటాం, కానీ పూర్తిగా టీకాలు పడ్డ పిల్ల ఒక్కరికి లెక్కేస్తే ఖర్చు సగానికి తగ్గింది, ఎందుకంటే నర్సమ్మ ఎట్లాగూ పొద్దుటి నుంచి కూర్చునే ఉంటుంది, జీతం ఎట్లాగూ ఇవ్వాలి, వచ్చే పిల్లలు పెరిగారు. నేనైతే ఆ తల్లుల గురించి ఆలోచిస్తా, వాళ్ళకి బిడ్డ మీద ప్రేమ లేక కాదు, కూలి పోగొట్టుకుని వెళ్ళాలంటే రేపు చూద్దాంలే అనిపించింది, పప్పు ఆ రేపుని ఇవాళ చేసింది. అలవాట్లు మార్చాలని పోస్టర్లు వేసే ఆఫీసర్లకి ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అయితే 39 వచ్చిందంటే నూటికి ఇంకా 61 మందికి టీకాలన్నీ పూర్తవలేదని కూడా అదే పేరాలో రాయాలి.

స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న మన సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు నూజివీడులో, నందిగామలో చదువుకున్నారు, మీ విజయవాడకి దగ్గరే. ఆంధ్ర యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళి మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1945లో ఒక పేపరులో తేల్చి చెప్పారు, చేతిలో ఉన్న డేటాతో వేసే అంచనా ఎంత తెలివిగా వేసినా ఇంతకంటే కచ్చితంగా ఉండలేదు అని ఒక హద్దు ఉంటుందని. పాతికేళ్ళ వయసులో. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా, ఎనిమిది మంది పిల్లలున్న స్కూల్లో సగటు మార్కులు పెరిగాయని హెడ్డింగు పెట్టబోయి ఆగుతా, ఎనిమిదిలో ఒక్క పిల్లకి జ్వరం తగ్గితే సగటు లేస్తుంది కదా.

ఇక లెక్కలో లేనివాళ్ళ సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన తర్వాత సింగ్‌నగర్ వీధుల్లో తిరిగా. నష్టం రాసుకునేవాళ్ళు తలుపు కొడితే తీసినవాళ్ళవే పేర్లు పడతాయి. తాళం వేసి ఉన్న ఇంటి ముందు బురదలో మంచం కోళ్ళు, చిన్నపిల్ల సైకిలు, పక్కింటావిడని అడిగితే "వాళ్ళకి అంతా పోయిందండీ, పుట్టింటికి వెళ్ళారు" అంది. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవాళ్ళే లెక్కలో ముందు జారిపోతారు, అది అప్పటి నుంచి నా కళ్ళ ముందే ఉంది, ఏ లిస్టు చూసినా లిస్టులో లేనిదెవరు అని వెతుకుతున్నా.

ఆదివారం రా. బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కితే చాలు, మీ పిన్ని భోజనానికి చూస్తూ ఉంటుంది. వచ్చేప్పుడు ఆ స్కూలు ఎఫ్ఏ-1, ఎస్ఏ-1 మార్కుల పట్టీలు జెరాక్సు తీయించుకుని తీసుకురా, స్పెషల్ క్లాసు పిల్లలవే కాదు, క్లాసు మొత్తానివి, వీలైతే అట్లాంటి క్లాసులు పెట్టని పక్క స్కూలువి కూడా. ఎస్ఏ-1 పట్టీలో కొన్ని పేర్ల పక్కన మార్కులకి బదులు ఎర్ర ఇంకుతో ఏబీ అని ఉంటుంది, పరీక్షకి రానివాళ్ళు. ఆ పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసుకుని, వాళ్ళిళ్ళు ఎక్కడో కనుక్కుని రా.

ఉంటా,
బాబాయ్