సిటీలోనే తిరిగే బీఎస్-6 డీజిల్ కారులో డీపీఎఫ్ లైటు ఎందుకు వెలుగుతుంది?

పొగలోని మసిని పట్టి ఉంచేందుకు పొగ గొట్టంలో పెట్టే డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్)లో పేరుకున్న మసి కాలిపోయేంత వేడి సిటీ ట్రాఫిక్‌లో పుట్టదు కాబట్టి. ఆ మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అందుకోసం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అదనంగా కొంచెం డీజిల్ చిమ్మి వేడి పెంచుతుంది, దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది పూర్తవడానికి సుమారు 15-20 నిమిషాలు ఆగకుండా నడవాలి.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లే కారునే తీసుకోండి. రీజనరేషన్ మొదలయ్యేసరికి ఆఫీసు వస్తుంది, ఇంజిన్ ఆపేస్తారు. మసి అలాగే ఉండిపోతుంది. పైగా కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం పెరిగిందంటే కారణం ఇదే కావచ్చు, వెంటనే ఆయిల్ మార్పించండి. ఇది చాలామంది పట్టించుకోని ప్రమాదం.

లైటు వెలిగిన కొత్తలోనే అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట 60-80 కిలోమీటర్ల వేగంతో, ఆర్‌పీఎం 2,000 పైన ఉంచి నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు కూడా వచ్చి పికప్ తగ్గితే మాత్రం సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

యాడ్‌బ్లూ (కొన్ని డీజిల్ కార్లలో వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం) పోస్తే డీపీఎఫ్ శుభ్రమవుతుందని చాలామంది అనుకుంటారు. అది పనిచేసేది నైట్రోజన్ ఆక్సైడ్ల మీద, మసి మీద కాదు. ఆయిల్ నుంచి వచ్చే బూడిద రీజనరేషన్‌లోనూ కాలదు, అందుకే కంపెనీ చెప్పిన తక్కువ బూడిద గ్రేడు ఆయిలే వాడాలి.