కారం గిన్నెలో ఉండాలి, మాంసంలో కాదు: అల్ పాస్తోర్ చేయబోతున్న మా అక్క కొడుక్కి

చిన్నా,

శనివారం పదిమందిని భోజనానికి పిలిచావట, టాకోస్ అల్ పాస్తోర్, అదే ఊరబెట్టి కాల్చిన పంది మాంసాన్ని చిన్న మొక్కజొన్న రొట్టెల్లో పెట్టిచ్చే మెక్సికో వంట, చేస్తానని మాట కూడా ఇచ్చేశావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మెక్సికో సిటీలో పిన్నిని పెట్టుకుని యూట్యూబ్ చూడటమేంట్రా అని నిన్ను కేకలేసిందట కూడా. సరే, నాకు తెలిసింది రాస్తున్నాను. గురువారం సాయంత్రానికల్లా సామాన్లు తెచ్చుకో, శుక్రవారం మాంసం ఊరాలి.

నువ్వు పంపిన లిస్టు చూశాను. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పెరుగు, మూడు చెంచాల గుంటూరు కారం. నాలుగూ కొట్టెయ్. వాటితో మంచి పంది వేపుడు అవుతుంది, నాకు పెడితే నేనూ తింటాను, కానీ అది అల్ పాస్తోర్ కాదు. మాంసం అనగానే ఉన్న కారమంతా దాంట్లోకి ఎక్కించెయ్యడం మన చేతికి అలవాటు. ఇక్కడివాళ్లు మాంసానికి రంగు, వాసన, పులుపు పట్టిస్తారు. కారం పక్కన గిన్నెల్లో పెడతారు, ఎవరికెంత కావాలో వాళ్లు వేసుకుంటారు. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతాదంతా ఓపిక పని.

మా పేట నార్వార్తెలో ఎల్ విల్సీతో అని ఒక కొట్టుంది. పగలు కార్లు బాగుచేసే షెడ్డు, చీకటి పడితే టాకోల కొట్టు. అక్కడ పావుగంట నిలబడి చూస్తే ఈ వంట సగం అర్థమైపోతుంది. నిలువు ఇనుప కడ్డీకి పలచటి పంది మాంసం ముక్కలు ఒకదాని మీద ఒకటి గుచ్చుకుంటూ పోయి, పైన అనాసపండు పెడతారు. దాన్ని త్రోంపో అంటారు. దాని పక్కనే గ్యాస్ మంట. కడ్డీ తిరుగుతుంటే మంట వైపున్న పైపొర మాత్రమే కాలుతుంది. వండేవాడు పొడవాటి కత్తితో ఆ పొరను పైనుంచి కిందికి చెక్కి, రెండో చేతిలో ఉన్న టోర్టియాలోకి, అంటే ఆ మొక్కజొన్న రొట్టెలోకి, నేరుగా రాలుస్తాడు. తర్వాత కత్తి మొనతో అనాస ముక్కను ఎగరగొడితే అది గాల్లో తిరిగి వచ్చి టాకోలోనే పడుతుంది. ఆ విద్య నీకక్కర్లేదు. చూడాల్సింది ఏంటంటే, ప్రతి చిన్న ముక్కకీ ఒక అంచు మాడీ మాడనట్టు కాలి ఉంటుంది, మిగతాది మెత్తగా ఉంటుంది. ఇంట్లో ఒవెన్ ఈ పని చెయ్యలేదు. మాంసం మొత్తాన్నీ ఒకేసారి ఉడికిస్తుంది. అందుకే ఇంట్లో రెండుసార్లు కాల్చాలి, ఒకసారి ఒవెన్‌లో, చెక్కిన తర్వాత మళ్లీ పెనం మీద. ఈ రెండోదాన్ని బద్ధకించావంటే అంత కష్టమూ వృథా.

ఈ కడ్డీ పద్ధతి అసలు లెబనాన్ వైపు నుంచి వలస వచ్చినవాళ్లది. ప్యూబ్లా నగరంలో 1930ల నాటికే టాకోస్ ఆరాబెస్ అని, కడ్డీ మీద కాల్చిన మాంసాన్ని గోధుమ రొట్టెలో చుట్టి అమ్మేవారు. పోనుపోను గొర్రె స్థానంలో పంది వచ్చింది, ఎండుమిర్చి ముద్ద చేరింది, రొట్టె పోయి మొక్కజొన్న టోర్టియా వచ్చింది. ఇక్కడ మెక్సికో సిటీలో ఎల్ హ్వేకీతో కొట్టు 1959 నుంచి ఉంది. ఎల్ తిసోన్సీతో 1966లో మొదలైంది, అల్ పాస్తోర్ కనిపెట్టింది మేమేనంటారు వాళ్లు. ఆ తగువులో మనం తలదూర్చొద్దు.

ఇక మిరపకాయలు. గ్వహీయో, ఆంచో అని రెండు రకాల ఎండుమిర్చి కావాలి, మొదటివి ఎనిమిది, రెండోవి మూడు తీసుకో. డాలస్‌లో ఏ మెక్సికన్ కొట్టుకెళ్లినా విడిగా తూచి ఇస్తారు. వంచితే వంగాలి. పెళుసుగా విరిగిపోతే పాత సరుకు, తీసుకోకు. గ్వహీయోకి రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆంచో అంటే పోబ్లానో మిరపకాయే, పండబెట్టి ఎండబెట్టింది, కాస్త తీపిగా కిస్‌మిస్ వాసన వస్తుంది. మన గుంటూరు మిర్చి పూర్వీకులదీ ఈ నేలే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దాకా వచ్చాయి, కానీ ఇక్కడ వాటిని వాడే తీరు వేరు. మీ అమ్మ విజయవాడలో చేస్తానంటే గ్వహీయో బదులు బ్యాడిగి వాడమను, గుంటూరువి వద్దను.

తొడిమలు తీసి, గింజలు దులిపి, పొడి పెనం మీద అట్లకాడతో నొక్కుతూ ఒక్కో వైపు పది పదిహేను సెకన్లు వేయించు. ఘుమఘుమ మొదలవగానే తీసెయ్యి. నల్లబడితే ముద్దంతా చేదెక్కుతుంది, దానికి విరుగుడు లేదు. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, నీళ్లు పారబోసి మిక్సీలో వెయ్యి. వాటితో పాటు వెల్లుల్లి ఆరు రెబ్బలు, తెల్ల ఉల్లిపాయ సగం, జీలకర్ర ఒక చెంచా, లవంగాలు నాలుగు, వెనిగర్ అర కప్పు, పైనాపిల్ రసం ఒక కప్పు, ఒరెగానో పెద్ద చెంచాడు. ఒరెగానో కూడా మెక్సికన్ కొట్టులోదే కొను. పిజ్జా ప్యాకెట్లలో వచ్చేది పుదీనా జాతి, ఇది వేరే మొక్క. ఉప్పు రెండు కిలోల మాంసానికి పాతిక గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాలు. మెత్తగా తిప్పాక తప్పకుండా వడకట్టు. గ్వహీయో తొక్క మొండిది, మిక్సీ ఎంత తిప్పినా పంటికి తగులుతుంది.

ఎర్రటి రంగు మిరపకాయల వల్లే అనుకోకు. సగం రంగు అచియోతేది. చిన్న డబ్బాలో గట్టి ముద్దగా అమ్ముతారు, యాభై గ్రాములు విరిచి మిక్సీలోనే కలిపెయ్. అది ఇంకేదో కాదు, మన మన్యం వైపు పండే జాఫ్రా గింజే, వెన్నకీ ఛీజుకీ రంగు కోసం వాడతారే, అదే. చొక్కాకి అంటితే వదలదు, పాత బనీను వేసుకుని చెయ్యి.

ఇప్పుడు అందరూ దెబ్బతినే చోటుకొచ్చాం, పైనాపిల్. పచ్చి అనాసపండులో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రోటీన్‌ను కోసేస్తుంది. తాజా రసంలో రాత్రంతా ఊరబెడితే పొద్దున్నకి ముక్కల పైభాగం పిండి పిండి అయిపోతుంది, కాల్చినా అంచు కరకరలాడదు. డబ్బా రసాన్ని వేడి చేసే ప్యాక్ చేస్తారు కాబట్టి ఆ ఎంజైమ్ పని చెయ్యదు. ముద్దలోకి డబ్బా రసమే పొయ్యి. తాజా పండు చివర్లో, వడ్డించేటప్పుడు.

మాంసం భుజం భాగం కావాలి, మీ అమెరికాలో బాస్టన్ బట్ అంటారు. ఎముక తీసింది రెండు కిలోలు, పదిమందికి సరిపోతుంది. లోయిన్ లాంటి కొవ్వు లేని భాగం తెచ్చావో, ఎండిపోయిన ముక్కలు తింటారు. గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి కాస్త బిగుసుకున్నాక కోస్తే పలచగా వస్తుంది. అర సెంటీమీటరు మందం దాటనివ్వకు. కొవ్వు కోసి పారెయ్యకు, అదే కాల్చేటప్పుడు నూనె. ముద్ద అన్ని వైపులా పట్టించి ఫ్రిజ్‌లో ఒక రాత్రి పెట్టు. అంతకు మించి వద్దు, వెనిగర్ ఉంది కదా.

శనివారం మధ్యాహ్నం పెద్ద ఉల్లిపాయను అడ్డంగా కోసి, సగం ముక్కను ట్రేలో బోర్లించి, దాంట్లోకి నీళ్లలో నానబెట్టిన వెదురు పుల్లలు రెండు మూడు నిలువుగా గుచ్చు. వాటికి మాంసం ముక్కలు ఒక్కొక్కటే ఎక్కించు. కొవ్వున్న ముక్క ఒకటి, లేనిది ఒకటి కలిసేలా చూడు. ప్రతి నాలుగైదు ముక్కలకీ చేత్తో నొక్కు, మధ్యలో గాలి ఉంటే చెక్కేటప్పుడు విడిపోతుంది. రెండు కిలోలు ఒకే దిబ్బ పెడితే ఒరుగుతుంది, రెండుగా పెట్టుకో. ఒవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, పై అరలు తీసేసి అడుగున పెట్టు. గంటన్నర దాకా పడుతుంది. గడియారాన్ని నమ్మకు, మాంసం థర్మామీటర్ కొను. పంది మాంసం ముక్కకి 145 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం ఉంటే చాలని అమెరికా ప్రభుత్వ లెక్క. కానీ భుజం మాంసం ఆ వేడికి ఇంకా సాగుతుంది, మధ్యలో 170 దాటేదాకా ఉంచు. ఊరిన ముద్ద గిన్నెలో మిగిలితే పచ్చి మాంసం తగిలిన సరుకది, మరిగించకుండా దేనిమీదా పొయ్యకు.

బయటికి తీశాక పావుగంట ఆగి, పదునైన కత్తితో పైనుంచి కిందికి పలచగా చెక్కు. పోత ఇనుప పెనాన్ని పొగ వచ్చేదాకా వేడి చేసి, ట్రేలో కారిన కొవ్వు ఒక చెంచా వేసి, చెక్కిన మాంసం గుప్పెడు పరుచు. గుప్పెడే. ఎక్కువ వేస్తే నీళ్లూరి ఉడుకుతుంది. కలపకుండా నిమిషం వదిలెయ్, అంచులు ముదురు రంగుకి తిరిగి చిటపట తగ్గాక ఒక్కసారి తిరగెయ్యి. అనాస ముక్కలు కూడా అదే పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చు. నలుగురే వచ్చే రోజైతే ఈ ఒవెన్ హడావిడంతా మానేసి, ఊరిన ముక్కల్ని నేరుగా ఇదే పెనం మీద రెండు వైపులా కాల్చి సన్నగా తరిగెయ్. రుచిలో పెద్ద తేడా రాదు. దిబ్బ పెట్టేది పదిమందికి ఒక్కసారే చెయ్యొచ్చని, కొంత చూడముచ్చటకి.

టోర్టియాలు మొక్కజొన్నవే కొను, అరచేయంత చిన్నవి. మనిషికి నాలుగు టాకోలు, టాకోకి రెండేసి వేస్తారు కాబట్టి ఎనభై కావాలి, అన్ని నువ్వు చెయ్యలేవు. సరదాగా కొన్ని చెయ్యాలనుంటే మసా అరీనా పిండి తెచ్చుకో, మసేకా బ్రాండు ఎక్కడైనా దొరుకుతుంది. రెండు కప్పుల పిండికి కప్పున్నర గోరువెచ్చని నీళ్లు. ఇండియన్ స్టోర్‌లో దొరికే మొక్కజొన్న పిండితో మాత్రం కుదరదు. జొన్న రొట్టె తట్టినట్టు తడదామన్నా పగిలిపోతుంది. మసా కోసం గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టి రుబ్బుతారు, ఆ సున్నం వల్లే పిండికి అతుకు వస్తుంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది కూడా అందుకే. ఈ సంగతి తెలియక మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ పల్లెల్లో, అమెరికా దక్షిణాదిలో పెలాగ్రా జబ్బు వచ్చింది. కొన్నవైనా సరే పెనం మీద రెండు వైపులా వేడి చేసి గుడ్డలో చుట్టి ఉంచు, చల్లారితే విరుగుతాయి.

పైన సన్నగా తరిగిన తెల్ల ఉల్లిపాయ, కొత్తిమీర, అనాస ముక్క, నిమ్మరసం. అంతే. ఛీజు, లెట్యూస్, క్రీము పెడితే నేను ఫోన్ ఎత్తను. కారానికి రెండు సల్సాలు, అంటే పలచటి పచ్చళ్లలాంటివి, చెయ్యి. పచ్చదానికి తొమటీయోలు (టమాటాలా కనిపించే, పొర కప్పిన చిన్న పచ్చ కాయలు), సెరానో అనే పచ్చిమిరపకాయలు ఉడికించి, కొత్తిమీర, ఉప్పు వేసి తిప్పు. ఎర్రదానికి చిలే దె ఆర్బోల్ అనే సన్నటి ఎండుమిర్చి వేయించి, టమాటాతో రుబ్బు. నీ గుంటూరు ప్రాణానికి ఈ రెండోది చాలు, కావాలంటే మిరపకాయలు రెట్టింపు వేసుకో.

వచ్చేవాళ్లలో పంది తిననివాళ్లుంటారు, ముందే అడుగు. ఇంటికొచ్చాక అడిగితే మొహమాటపడి ఆకలితో వెళ్తారు. మీ బాబాయి కూడా ముట్టరు, ఆయనకి కోడి తొడ మాంసంతో చేస్తాను. పంది మాంసానికి పట్టించకముందే ముద్ద కాస్త వేరే గిన్నెలోకి తీసి, నాలుగు గంటలు ఊరబెడితే చాలు. పెనం, కత్తి, పట్టకారు విడిగా పెట్టు. కోడి 165 డిగ్రీలు దాటాలి. పక్కన పెట్టడానికి డబ్బా రాజ్మా ముద్ద కొంటే లేబుల్ చదువు, చాలావాటిలో పంది కొవ్వు ఉంటుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవుంటుంది. గోధుమ టోర్టియాలో ఛీజుతో పాటు పెట్టి కాల్చుకో, దాన్ని గ్రింగా అంటారు. ఛీజుకి అక్కడ అనుమతి ఉంది.

నీ ఒవెన్ లోపలి ఎత్తు కొలిచి మెసేజ్ పెట్టు, పుల్లలు ఎంత పొడుగువి కొనాలో చెబుతాను.

పిన్ని